తత్వమా, జబ్బా? ఒక సీఓపీడీ కేసులో చైనా ప్రశ్నావళి, సీఆర్‌పీ, అతిమధురం

రోగి 68 ఏళ్ళ స్త్రీ. చైనాలోని యునాన్ రాష్ట్రంలో షువాన్‌వెయ్ దగ్గరి పల్లె. ఎన్నడూ పొగ తాగలేదు. ఎత్తు 151 సెం.మీ., బరువు 44 కిలోలు. పదిహేనేళ్ళుగా దగ్గు, ఏడెనిమిదేళ్ళుగా ఆయాసం. అంతకుముందు ఏడాదిలో జబ్బు రెండుసార్లు ముదిరింది, ఒకసారి ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది. ఈసారి జనవరి చలిలో, వారం రోజులుగా ఆయాసం ఎక్కువై, గళ్ళ పచ్చబడి, కాళ్ళు వాచి యునాన్ రాజధాని కున్‌మింగ్‌లో మా వార్డుకు వచ్చింది. నేనప్పుడు అక్కడ శ్వాసకోశ వ్యాధుల్లో పీజీ చేస్తున్నాను. ఆమె ఎవరో తెలియకుండా ఉండేందుకు కొన్ని వివరాలు మార్చాను.

సీఓపీడీ (శ్వాసనాళాలు ఇరుకై ఊపిరాడనివ్వని దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు) ముదిరి చేరడం చలికాలంలో ఏ ఛాతీ వార్డులోనైనా రోజూ జరిగేదే. ఈ కేసు రాయడానికి కారణం ఆమె ఫైల్లో ఒకదాని వెనక ఒకటిగా కుట్టిన రెండు కాగితాలు. ఒకటి రక్తపరీక్ష: సీఆర్‌పీ, ఫైబ్రినోజెన్, ఇంటర్‌ల్యూకిన్-6, అంటే ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ (తాపం) ఎంతుందో చెప్పే గుర్తులు. రెండోది చైనా సంప్రదాయ వైద్యంవారి శరీరతత్వ ప్రశ్నావళి. ఈ రోగి ఊపిరితిత్తులు ఎంత వేగంగా దెబ్బతింటాయో చెప్పగలమని రెండింటి తరఫునా వాదించేవాళ్ళున్నారు. రెండింటినీ కలిపి, ‘ఫలానా తత్వం ఉన్నవాళ్ళలో ఇన్‌ఫ్లమేషన్ ఎక్కువ, జబ్బు త్వరగా ముదురుతుంది’ అని తేల్చే వ్యాసాలు చైనా పత్రికల్లో తరచూ కనిపిస్తాయి. ఈమెను ఏడాది పాటు చూశాక నాకు తోచినది ఒక్కటే: తత్వం పేరుతో మనం రాసుకునే మార్కుల్లో చాలా భాగం జబ్బు వేసినవే. జబ్బు వాటా తీసేశాక మిగిలేది కొంచెమే. ఆ కొంచెం మాత్రం పనికొస్తుంది.

బొగ్గు పొయ్యి

చైనాలో మామూలు జనానికి షువాన్‌వెయ్ అంటే ఉప్పులో మాగబెట్టిన పంది తొడ మాంసం గుర్తొస్తుంది. ఊపిరితిత్తుల డాక్టర్లకు బొగ్గు గుర్తొస్తుంది. అక్కడి నేలలో దొరికే బొగ్గు విపరీతంగా పొగ చిమ్మే రకం. ఇంటి మధ్య నేలలో గుంట తవ్వి, చిమ్నీ లేకుండా దాన్నే కాల్చి తరతరాలుగా వంట చేశారు, చలి కాచుకున్నారు. ఫలితంగా, పొగ తాగని ఆడవాళ్ళలో ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు ప్రపంచంలోనే అత్యధికంగా ఉన్న చోట్లలో అదొకటైంది. 1970ల చివరి నుంచి ఇళ్ళలో చిమ్నీ ఉన్న పొయ్యిలు పెట్టించడం మొదలైంది. ఆ కుటుంబాల్లో 20 వేలకు పైగా జనాన్ని ఏళ్ళ తరబడి గమనించిన అధ్యయనం 2005లో వెలువడింది. చిమ్నీ వచ్చిన ఇళ్ళలో సీఓపీడీ ముప్పు మగవాళ్ళలో 42 శాతం, ఆడవాళ్ళలో 25 శాతం తగ్గింది. అయితే ఆ మేలు స్పష్టంగా కనబడడానికి పదేళ్ళు పట్టింది.

ఆడవాళ్ళలో తగ్గుదల తక్కువ కావడం నాకు వింతగా అనిపించదు. పొయ్యి దగ్గర ఎక్కువసేపు కూర్చునేది వాళ్ళే. ఈమె ఇంటికి చిమ్నీ వచ్చేసరికి ఆమెకు నలభై దగ్గర పడ్డాయి. అప్పటికే పాతికేళ్ళకు పైగా గుంట పొయ్యి ముందు గడిచాయి. పైగా భర్త యునాన్ పల్లెల్లో అందరి చేతుల్లో కనిపించే వెదురు గొట్టపు హుక్కా పీల్చేవాడు, అదీ ఇంట్లోనే. మొదట ఎవరూ అడగని సంగతి ఇంకొకటుంది. చలికాలంలో ఆమె పడకగదిలో చిన్న బొగ్గు కుంపటి ఉండేది. దాని గొట్టం అతుకుల దగ్గర పొగ వదులుతోందని మాకు చాలా రోజుల తర్వాత తెలిసింది.

ఇలా పొగ పీల్చి వచ్చే సీఓపీడీ, సిగరెట్ వల్ల వచ్చేదానికి పూర్తిగా నకలు కాదు. ఇందులో ఎంఫైసిమా (ఊపిరితిత్తుల గాలి గదులు చెడిపోవడం) తక్కువ, చిన్న శ్వాసనాళాలు గట్టిపడి ఇరుకవడం ఎక్కువ, ఇయోసినోఫిల్స్ (ఒక రకం తెల్లకణాలు) తరచూ తక్కువగా ఉంటాయి. ఈమె సీటీలో కుడి మధ్య తమ్మె నాళం మసిపట్టి సన్నబడినట్టుంది. అలాంటి చోట క్షయ దాక్కునే అవకాశముంది కాబట్టి గళ్ళకు జీన్‌ఎక్స్‌పర్ట్ అనే క్షయ పరీక్ష చేయించాం, నెగటివ్. జబ్బు కుదుటపడ్డాక చేసిన స్పైరోమెట్రీలో (ఊదించి చేసే పరీక్ష) మందు పీల్చిన తర్వాత ఎఫ్ఈవీ1 (మొదటి సెకనులో ఊదగలిగిన గాలి) 0.78 లీటర్లు, ఉండాల్సినదాంట్లో 43 శాతం. ఎఫ్ఈవీ1కీ, ఎఫ్‌వీసీకీ (మొత్తం ఊదగలిగిన గాలి) నిష్పత్తి 0.48. అంటే గోల్డ్ అనే అంతర్జాతీయ సీఓపీడీ వర్గీకరణలో మూడో దశ, ‘E’ గ్రూపు (జబ్బు తరచూ ముదిరేవాళ్ళు).

కాళ్ళ వాపు ఎందుకు?

చేరినప్పుడు రక్తవాయువులు: పీహెచ్ 7.33, కార్బన్ డయాక్సైడ్ 64, ఆక్సిజన్ 45 మి.మీ., బైకార్బొనేట్ (రక్తంలోని క్షారం) 33. సీఆర్‌పీ 64. తెల్లకణాలు 13,200. రక్తంలో ఇయోసినోఫిల్స్ మైక్రోలీటరుకు 70. హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల వాటా) 52 శాతం. బీపీ 162/94. పొటాషియం 2.8.

కున్‌మింగ్ సముద్రమట్టానికి దాదాపు 1,900 మీటర్ల ఎత్తున ఉందని ఇక్కడ గుర్తుంచుకోవాలి. మన విజయవాడలో పీల్చే గాలిలో ఆక్సిజన్ పీడనం సుమారు 150 మి.మీ. ఉంటే, అక్కడ 118 దాకానే ఉంటుంది. కాబట్టి అక్కడి 45ను ఇక్కడి 45తో పోల్చి బెంబేలెత్తకూడదు. అలాగని తేలిగ్గా తీసుకోవడానికీ లేదు. మాస్కు వెంటిలేషన్ పెట్టాం, ఆక్సిజన్ సాచురేషన్ 88 నుంచి 92 మధ్య ఉంచాం, ప్రెడ్నిసొలోన్ 40 మి.గ్రా. అయిదు రోజులిచ్చాం. ఇక్కడిదాకా పుస్తకం చెప్పినట్టే నడిచింది.

ఇబ్బంది పొటాషియంతో వచ్చింది. కాళ్ళు వాచిన సీఓపీడీ రోగిని చూడగానే ఎవరి నోటైనా ముందు వచ్చే మాట ‘కోర్ పల్మొనాలే’. గుండె కుడివైపు దెబ్బతింది, మూత్రం మందు ఇవ్వండి అంటారు. కానీ ఎకోలో కుడి జఠరిక కొద్దిగానే పెద్దదై ఉంది, ఊపిరితిత్తుల ధమని పీడనం అంచనా 41 మి.మీ., గుండె మీది భారాన్ని చెప్పే ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ అంతంత మాత్రమే. ఆ గుండె ఈ వాపును తెచ్చేది కాదు. పైగా ఆమెకు ఎప్పుడూ బీపీ లేదు. కొత్తగా బీపీ, వాపు, పొటాషియం తగ్గుదల మూడూ ఒకేసారి వచ్చినప్పుడు ఆల్డోస్టెరోన్ (ఒంట్లో ఉప్పును నిలిపే హార్మోన్) వైపు చూడాలి. పరీక్ష చేయిస్తే ఆల్డోస్టెరోన్, దాన్ని పురికొల్పే రెనిన్ రెండూ అడుగంటి ఉన్నాయి. అంటే ఆ హార్మోన్ లేకుండానే దాని పని ఇంకేదో చేస్తోంది.

ఏం మందులు వాడుతున్నారని అడిగినప్పుడు కుటుంబం ఇన్‌హేలరు, థియోఫిలిన్ బిళ్ళలు చూపించింది. సంచిలో ఇంకేమైనా ఉన్నాయా అని మళ్ళీ అడిగితే కోడలు చెప్పింది: “అది మందు కాదండీ డాక్టరుగారూ, కషాయం.” పల్లె వైద్యుడు మూడు నెలల కిందట రాసిచ్చిన పొట్లాలు. రోజూ కాచి తాగుతోంది. చీటీలో ఎనిమిది దినుసులున్నాయి: మా హువాంగ్, దాల్చిన చెట్టు కొమ్మలు, శొంఠి, షీ శిన్, వూ వెయ్ జీ, తెల్ల పియొనీ వేరు, బాన్ శియా, వేయించిన అతిమధురం. చైనా వైద్యంలో పేరున్న షియావో చింగ్ లాంగ్ తాంగ్ అనే కషాయం అదే. దాదాపు 1,800 ఏళ్ళ కిందట జాంగ్ జోంగ్‌జింగ్ గ్రంథంలో చెప్పిన యోగం. చలికి పట్టుకున్న దగ్గుకు, పల్చటి నురగ కఫానికి కొద్ది రోజుల కోసం ఉద్దేశించినది.

మా హువాంగ్‌లో ఎఫెడ్రిన్ ఉంటుంది. అది బీపీని పెంచుతుంది, గుండె వేగాన్ని పెంచుతుంది, శ్వాసనాళాలు తెరిచే సాల్బుటమాల్ లాగే పొటాషియాన్ని కణాల లోపలికి తోస్తుంది. అతిమధురంలోని గ్లిసిరైజిన్ చేసే పని వేరు. మూత్రపిండంలో కార్టిసాల్‌ను నిర్వీర్యం చేసే ఎంజైమును అది ఆపేస్తుంది. దాంతో కార్టిసాలే ఆల్డోస్టెరోన్ వేషం కడుతుంది. ఉప్పు నిలిచి కాళ్ళు వాస్తాయి, పొటాషియం మూత్రంలో పోతుంది. థియోఫిలిన్, ఇన్‌హేలరులోని సాల్మెటెరాల్, మేమిచ్చిన నెబ్యులైజేషన్, స్టెరాయిడ్ కూడా పొటాషియాన్ని కిందికి లాగేవే. ఈసీజీలో క్యూటీసీ (ఎక్కువైతే గుండె లయ తప్పే ప్రమాదాన్ని సూచించే కొలత) 480 మిల్లీసెకన్లు. అందువల్ల దాన్ని ఇంకా పెంచగల అజిత్రోమైసిన్, లీవోఫ్లాక్ససిన్ రెండింటినీ పక్కనపెట్టి అమాక్సిసిలిన్-క్లావులనేట్ ఎంచుకున్నాం. కషాయం, థియోఫిలిన్ ఆపాం, పొటాషియం నరం ద్వారా, నోటి ద్వారా ఇచ్చాం. అతిమధురం ప్రభావం ఆపిన మర్నాడే పోదు. మాత్రల అవసరం లేకుండా పొటాషియం 4 దగ్గర నిలబడడానికి రెండు వారాలకు పైనే పట్టింది. వాపు తీసింది, బీపీ 128/76కు దిగింది.

బైకార్బొనేట్ సంగతీ అప్పుడే అర్థమైంది. కుదుటపడ్డాక ఆమె కార్బన్ డయాక్సైడ్ 46 మాత్రమే. అలాంటి మనిషిలో కొద్ది రోజుల ముదురుకే బైకార్బొనేట్ 33కు చేరడం కష్టం. అందులో కొంత భాగం అతిమధురం తెచ్చిన ఆల్కలోసిస్ (రక్తంలో క్షారం పెరగడం) అని నా అంచనా. ఆల్కలోసిస్ ఊపిరి వేగాన్ని మందగింపజేస్తుంది. ఆయాసం తగ్గుతుందని తాగిన కషాయం ఆ దారిన ఊపిరికే అడ్డం పడి ఉండొచ్చు.

మా ఆసుపత్రిలోనే సంప్రదాయ వైద్య విభాగం ఉండేది. అక్కడి పెద్ద డాక్టరుకు చీటీ చూపిస్తే ఆయన మాకంటే గట్టిగా మండిపడ్డారు. బలహీనంగా ఉన్న ముసలి మనిషికి మా హువాంగ్ నెలల తరబడి ఇవ్వడం తమ శాస్త్రం ప్రకారమే తప్పన్నారు. చైనా వైద్యం మంచిదా చెడ్డదా అన్న చర్చ ఇక్కడ అనవసరం. ఆ వైద్యపు నియమాలే ఇక్కడ పాటించలేదు.

అరవై ప్రశ్నలు

ఇప్పుడు ఆ రెండో కాగితం. శరీరతత్వాన్ని తొమ్మిది రకాలుగా విడదీసిన పద్ధతి బీజింగ్ చైనా వైద్య విశ్వవిద్యాలయానికి చెందిన వాంగ్ చీది. 2009లో చైనా సంప్రదాయ వైద్య సంఘం దాన్ని ప్రమాణంగా ప్రకటించింది. ఒకటి సమతుల్య తత్వం. మిగతా ఎనిమిదీ ఏదో ఒకవైపు ఒరిగినవి: ప్రాణశక్తి లోపం, యాంగ్ (వేడి) లోపం, యిన్ (చల్లదనం) లోపం, కఫ-తేమ, తేమ-వేడి, రక్త స్తబ్ధత, ప్రాణశక్తి బిగింపు, పుట్టుకతో వచ్చే ప్రత్యేక తత్వం. అరవై ప్రశ్నలు, ఒక్కో దానికి 1 నుంచి 5 మార్కులు, తర్వాత వాటిని నూటికి మారుస్తారు. ఒరిగిన తత్వాల్లో 40 గానీ అంతకు మించి గానీ వస్తే ఆ తత్వం ఉన్నట్టు, 30 నుంచి 39 అయితే ఆ మొగ్గు ఉన్నట్టు. 65 దాటినవాళ్ళకు 33 ప్రశ్నల చిన్న రూపం ఉంది. 2013 నుంచి చైనా ప్రభుత్వ ప్రాథమిక ఆరోగ్య సేవల్లో వృద్ధులకు దాన్ని నింపుతున్నారు. అంటే ఇది ఏదో మూల క్లినిక్కులో చేసే పని కాదు, దేశమంతటా మండల స్థాయి ఆరోగ్య కేంద్రాల్లో జరిగే లెక్క.

ఈమె చేరిన రెండో రోజున, మాస్కు తీసి కాస్త మాట్లాడగలిగినప్పుడు సంప్రదాయ వైద్య విభాగంవాళ్ళు అరవై ప్రశ్నలూ అడిగారు. ప్రాణశక్తి లోపం 66, కఫ-తేమ 63, రక్త స్తబ్ధత 54, యాంగ్ లోపం 50. నాలుగు తత్వాలూ 40 దాటాయి. కాగితం మీద మనిషి నిండా లోపాలే.

మార్కులు పక్కనపెట్టి ప్రశ్నలు చదవండి. ప్రాణశక్తి లోపానికి ఎనిమిది ప్రశ్నలు: త్వరగా అలసిపోతారా, ఊపిరి అందదా, గుండె దడగా ఉంటుందా, లేచి నిలబడితే తల తిరుగుతుందా, ఇతరుల కంటే తేలిగ్గా జలుబు పడుతుందా, మాట్లాడకుండా నిశ్శబ్దంగా ఉండాలనిపిస్తుందా, గొంతు బలహీనంగా ఉంటుందా, కాస్త కదిలితే చెమట పడుతుందా. సీఓపీడీ రోగిని ఊపిరి అందదా అని అడిగి, అవునంటే ‘మీ తత్వం ఇది’ అనడం ఏం లెక్క? దడ థియోఫిలిన్‌దీ, మా హువాంగ్‌దీ కావచ్చు. జబ్బు ముదిరిన ప్రతిసారీ ఆమె దాన్ని జలుబు అనే చెప్పుకుంది. అలసట, ఊపిరి, దడ, జలుబు, ఈ నాలుగింటికీ ఆమె అయిదేసి మార్కులిచ్చింది. ఆ నాలుగూ తీసేసి మిగతా నాలుగింటితోనే లెక్కగడితే 66 కాస్తా 31 అయింది. అంటే తత్వం కాదు, మొగ్గు మాత్రమే.

కఫ-తేమలో ‘గొంతులో ఎప్పుడూ గళ్ళ అడ్డుపడ్డట్టుంటుందా’ అని ఒక ప్రశ్న, ‘ఛాతీ లేదా పొట్ట బిగబట్టినట్టుంటుందా’ అని మరొకటి. పై రెప్పలు ఉబ్బుతాయా అన్నదీ ఉంది. ఉప్పు నిలిచిపోయిన ఆమెకు అవి ఉబ్బాయి, ఉబ్బడం అతిమధురం వల్ల. రక్త స్తబ్ధతలో పెదవులు నల్లగా ఉంటాయా, ముఖం మసకబారి ఉంటుందా, మతిమరుపు ఉందా అని అడుగుతారు. ఆక్సిజన్ 45 ఉన్న మనిషి పెదవులు నల్లబడక ఎర్రగా ఉంటాయా? ఆ తత్వానికి మందు సిలిండరులో ఉంది.

ప్రశ్నావళి తయారుచేసినవాళ్ళకు ఇది తెలియదని కాదు. గత ఏడాది అనుభవాన్ని బట్టి చెప్పమని కాగితం పైనే ఉంటుంది. కానీ ఊపిరాడక మంచం మీద కూర్చున్న మనిషికి గత ఏడాది అంటే గత వారమే. అందుకని మూడు నెలలయ్యాక ఒకసారి, ఏడాదయ్యాక మరోసారి మళ్ళీ నింపించాం.

మూడు నెలలకు ప్రాణశక్తి లోపం 44, కఫ-తేమ 34, రక్త స్తబ్ధత 25, యాంగ్ లోపం 46. ఏడాదికి 34, 31, 21, 46. మొదటి మూడూ ముదిరిన జబ్బు కుదుటపడడంతో పాటే దిగాయి. నాలుగోది దాదాపు కదల్లేదు. యాంగ్ లోపం ప్రశ్నలు వేరు: చేతులు కాళ్ళు చల్లగా ఉంటాయా, కడుపు, నడుము, మోకాళ్ళు చలికి తట్టుకోలేవా, అందరి కంటే ఎక్కువ బట్టలు కావాలా, చల్లటివి తింటే పడవా. తేలిగ్గా జలుబు పడుతుందా అన్న ఒక్క ప్రశ్న తప్ప, ఊపిరితో ముడిపడినది ఆ తత్వంలో ఏదీ లేదు. ఈమెలో తత్వం అని పిలవదగ్గది ఏదైనా ఉంటే అదొక్కటే. చిన్నప్పటి నుంచీ తనకు చలి పడదని ఆమే చెప్పింది. థైరాయిడ్ పరీక్ష మామూలుగానే వచ్చింది. బీఎంఐ 19 అనుకుంటే ఒంట్లో కొవ్వు తక్కువ, దాని పాత్ర కొట్టిపారేయలేను.

ఆ ఒక్క మార్కు పనికొచ్చింది కూడా. చలి తట్టుకోలేని మనిషి కాబట్టే ఆమె పడకగదిలో కుంపటి ఉంది. ‘అందరి కంటే ఎక్కువ చలి వేస్తుందా’ అన్న ప్రశ్నకు జవాబు చెబుతూ, రాత్రి కుంపటి దగ్గరగా జరుపుకుని పడుకుంటానంది. మా చరిత్ర పట్టికలో ‘వంట ఇంధనం’ అనే గడి ఉంది, ‘చలి కాచుకునే ఇంధనం’ అనే గడి లేదు. నాకు ప్రశ్నావళి మీద ఉన్న గౌరవమంతా ఈ ఒక్క సంగతి దగ్గర ఉంది. డాక్టరు అడగనివి అడుగుతుంది.

సీఆర్‌పీ చెప్పింది, చెప్పనిది

జబ్బు ముదిరినప్పుడు సీఆర్‌పీ పెరగడంలో విశేషం లేదు. చూడాల్సింది అంతా చల్లారాక కూడా ఎంత మిగిలి ఉందన్నది. ఎక్లిప్స్ అనే సీఓపీడీ అధ్యయనంలో తెల్లకణాలు, సీఆర్‌పీ, ఇంటర్‌ల్యూకిన్-6, ఫైబ్రినోజెన్ వంటి ఆరు గుర్తులను ఏడాది తేడాతో రెండుసార్లు కొలిచారు. సీఓపీడీ రోగుల్లో 16 శాతం మందిలో అవి రెండుసార్లూ ఎక్కువగానే ఉన్నాయి. మూడేళ్ళలో వాళ్ళలో మరణాలు 13 శాతం, ఏ గుర్తూ పెరగనివాళ్ళలో 2 శాతం. అయితే ఎఫ్ఈవీ1 ఎంత ఉందన్నదాంట్లో రెండు గుంపులకూ పెద్ద తేడా లేదు. నేను మాటిమాటికీ గుర్తుచేసుకునే సంగతి ఇది. రక్తంలో ఇన్‌ఫ్లమేషన్, ఊదితే వచ్చే అంకె చేతిలో చెయ్యేసుకుని నడవవు.

ఈమెకు ఆరు వారాలకు సీఆర్‌పీ 7.8, ఫైబ్రినోజెన్ 4.3 గ్రాములు, ఇంటర్‌ల్యూకిన్-6 కొద్దిగా ఎక్కువ. మూడు నెలలకు సీఆర్‌పీ 6.9. ఇన్ఫెక్షన్ లేదు, కీళ్ళ జబ్బు లేదు, పళ్ళు పరవాలేదు. అంటే మిగిలిపోయిన ఇన్‌ఫ్లమేషన్. తత్వం మార్కులు ఆ మూడు నెలల్లో బాగా దిగాయి. సీఆర్‌పీ 64 నుంచి దిగినా మామూలు స్థాయికి రాలేదు, ఆరు వారాల తర్వాత దాదాపు కదల్లేదు. రెండూ ఒకే దాన్ని కొలుస్తుంటే ఒకేలా కదలాలి కదా. ఒక్క రోగితో సిద్ధాంతాలు కూలవు, నిజమే. కానీ తత్వానికీ ఇన్‌ఫ్లమేషన్‌కూ సంబంధం చూపే వ్యాసం చేతికొస్తే నేను ముందు వెతికేది ఒకటే: ప్రశ్నలు ఎప్పుడు అడిగారు? జబ్బు ముదిరి చేరినప్పుడే రెండూ కొలిస్తే రెండూ ఎక్కువే వస్తాయి. అక్కడ కనిపించే సంబంధం జబ్బు తీవ్రత ద్వారా వచ్చింది.

కుంపటి సంగతి తేలాక కొడుకు యునాన్ ఇళ్ళలో ఇప్పుడు మామూలైపోయిన కరెంటు చలిబల్ల తెచ్చాడు. అడుగున హీటరు, పైన దుప్పటి. తర్వాతి చలికాలంలో సీఆర్‌పీ 3.4. పొగ పోయినందుకే దిగిందని రాయాలని ఉంది, కానీ అదే ఏడాది మందులూ మారాయి, వ్యాయామమూ మొదలైంది, టీకాలూ పడ్డాయి.

ఇచ్చిన చికిత్స

పాత ఇన్‌హేలరులో ఫ్లూటికాసోన్ 500 మోతాదు ఉంది. ఇయోసినోఫిల్స్ 100 లోపు ఉన్నవాళ్ళకు పీల్చే స్టెరాయిడ్ వల్ల మేలు తక్కువ, న్యుమోనియా ముప్పు ఎక్కువ. కుదుటపడ్డాక కొలిచినా 80 దాటలేదు. దాన్ని తీసేసి, స్టెరాయిడ్ లేకుండా శ్వాసనాళాలను తెరిచే టియోట్రోపియం, ఓలొడాటెరాల్ కలిసిన దానికి మార్చాం. కఫాన్ని పల్చబరిచే ఎన్-అసిటైల్ సిస్టీన్ 600 మి.గ్రా. రోజుకు రెండుసార్లు. 2014లో వచ్చిన పాంథియన్ అనే చైనా అధ్యయనంలో అది జబ్బు ముదరడాన్ని తగ్గించింది కాబట్టి అక్కడ వాడకం ఎక్కువ. జబ్బు తేలికగా ఉన్నవాళ్ళలో తర్వాత చేసిన పరిశీలనలో ఆ మేలు కనబడలేదు. ఈమెది తేలిక జబ్బు కాదు, అందుకని కొనసాగించాం. మూడు నెలలకు కూడా మామూలు గాలి పీలుస్తున్నప్పుడు రక్తంలో ఆక్సిజన్ 53 ఉండడంతో ఇంట్లో రోజుకు 15 గంటలకు తగ్గకుండా ఆక్సిజన్ పెట్టించాం. ఏడాదికి హెమటోక్రిట్ 46కు దిగింది, పెదవుల రంగు మారింది.

కషాయం పూర్తిగా మానేయమంటే మానదని కోడలే చెప్పింది. సంప్రదాయ విభాగం డాక్టరు యూ పింగ్ ఫెంగ్ గుళికలు రాశారు. మూడు దినుసులు: ఆస్ట్రాగలస్ వేరు, తెల్ల అట్రాక్టిలోడిస్, ఫాంగ్ ఫెంగ్. మా హువాంగ్ లేదు, అతిమధురం లేదు. సీఓపీడీలో జబ్బు ముదరడాన్ని అవి తగ్గించాయని చెప్పే డబుల్ బ్లైండ్ పరిశీలన 2018లో వచ్చింది. నాకు అంతకంటే ముఖ్యమైన లాభం వేరే ఉంది: ఏం తాగుతోందో మాకు తెలుస్తుంది. వ్యాయామానికి ఆమె బాదువాన్‌జిన్ ఎంచుకుంది, ఎనిమిది భంగిమల పాత కసరత్తు. ట్రెడ్‌మిల్ ఎక్కమంటే భయపడే మనిషి ఊరి మైదానంలో పదిమందితో కలిసి రోజూ చేసింది.

ఏడాదిలో ఒకసారి తేలికగా ముదిరింది, ఇంటి దగ్గరే తగ్గింది. లక్షణాల తీవ్రతను కొలిచే క్యాట్ స్కోరు 24 నుంచి 15కు వచ్చింది. ఎఫ్ఈవీ1 0.80 లీటర్లు, అంటే ఉన్నచోటే ఉంది.

ఇక్కడికి వచ్చాక

చైనాలో ఎంబీబీఎస్ చదివిన మన పిల్లలకు సంప్రదాయ వైద్యం ఒక చిన్న సబ్జెక్టుగా తగులుతుంది, పరీక్ష అయ్యాక మర్చిపోతారు. నాకు మాత్రం ఈ కేసు కోస్తా ఆంధ్రలో ప్రాక్టీసు పెట్టాకే ఎక్కువ ఉపయోగపడింది. కట్టెల పొయ్యి మీద వండి ఆయాసం తెచ్చుకున్న ఆడవాళ్ళు ఇక్కడా వస్తారు. సిగరెట్ అలవాటు లేదు కాబట్టి వాళ్ళకు ఉబ్బసమని రాసి, ఇయోసినోఫిల్స్ చూడకుండా స్టెరాయిడ్ ఇన్‌హేలర్లు పెంచుకుంటూ పోయిన చీటీలు ఎన్నో చూస్తుంటాను. దగ్గుకు అతిమధురం నమలడం, కషాయంలో వేసుకోవడం మన ఇళ్ళలోనూ ఉన్నదే. రెండు రోజులు చప్పరిస్తే ఏమీ కాదు. నెలల తరబడి, డెరిఫిల్లిన్‌తో (థియోఫిలిన్ ఉండే మాత్ర), నెబ్యులైజర్‌తో, మూత్రం మందుతో కలిపి వాడేవాళ్ళకు పొటాషియం చూడకుండా ఉండకండి. ‘మందులు ఏం వాడుతున్నారు’ అంటే కషాయం సంగతి ఎవరూ చెప్పరు. ‘ఏం తాగుతున్నారమ్మా’ అని అడగాలి.

తత్వం లెక్క కూడా ఇక్కడ కొత్తేమీ కాదు. 2024 నవంబరు 26న ఆయుష్ శాఖ మొదలుపెట్టిన ‘దేశ్ కా ప్రకృతి పరీక్షణ్’లో కోటి మందికి పైగా తమ వాత, పిత్త, కఫ ప్రకృతి తెలుసుకున్నారు. ప్రకృతి పుట్టుకతో స్థిరమని ఆయుర్వేదం అంటుంది, మారుతుందని వాంగ్ చీ పద్ధతి అంటుంది. ఆ తేడా ఉన్నా చిక్కు ఒకటే. దీర్ఘకాలం జబ్బున్న మనిషిని కఫం ఎక్కువా, ఆయాసమా అని అడిగితే జవాబు జబ్బే చెబుతుంది. ఆయుర్వేద మిత్రులకు నా సలహా ఇది: ఊపిరితిత్తుల రోగికి ప్రకృతి రాసేటప్పుడు జబ్బు కుదుటపడి కనీసం రెండు మూడు నెలలు కానివ్వండి, ఊపిరితో ముడిపడిన ప్రశ్నలు పక్కనపెట్టి కూడా ఒకసారి లెక్క చూడండి. రెండు లెక్కల మధ్య తేడా ఎంతో అదీ ఫైల్లో రాయండి.

ఆ రోగి విషయంలో ఇంకొకటి మిగిలింది. మొదటి సీటీలో కుడి పై తమ్మెలో 7 మి.మీ. మసక మచ్చ కనిపించింది, గట్టి భాగం లేదు. ఇంకెక్కడైనా అయితే న్యుమోనియా మిగిల్చిన జాడ అనుకుని కొన్నాళ్ళు ఆగొచ్చు. షువాన్‌వెయ్ ఆడమనిషిలో అలా అనుకోలేం. ఏడాదికి తీసిన సీటీలో పెరగలేదు, అలాగని పోనూ లేదు. ఆపరేషన్‌కు ఆమె ఊపిరితిత్తులు ఆగవు కాబట్టి బయాప్సీకి తొందరపడలేదు. నేను వచ్చేసేముందు ఫైల్లో రాసిన చివరి పంక్తి: రెండేళ్ళకొకసారి తక్కువ రేడియేషన్ సీటీ, అయిదేళ్ళ దాకా, మచ్చ 2 మి.మీ. పెరిగినా, లోపల గట్టి భాగం కనబడినా రేడియేషన్ విభాగంతో కలిసి మాట్లాడాలి.